రొట్టె కోసిన చెయ్యి

రెండో అంకంలో డచెస్ గారు ప్రియుడి ఉత్తరం చదువుకుని నిట్టూర్చాల్సిన చోట, ఆవిడ రొమ్ముల్లోంచి మగగొంతు పలికింది.

“మేబెల్ అత్తయ్య పిల్లి ఈనింది. మళ్ళీ చెబుతున్నాం. మేబెల్ అత్తయ్య పిల్లి ఈనింది.”

స్టేజీ మీద అందరూ కొయ్యబారిపోయారు. డచెస్ వేషంలో ఉన్న ప్రైవేట్ ఆసీ ట్రాంటర్ మాత్రం రెండు చేతులూ రొమ్ముకి అదుముకుని, “అయ్యో, నా గుండె!” అని కేక పెట్టి దబ్బున పడిపోయాడు.

ముందు వరసలో కూర్చున్న గార్డు క్నాప్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అతనికి ఇంగ్లీషు అంతంత మాత్రం. “అబ్బబ్బ! ఏం చేశావయ్యా! నిజంగా ఆవిడ గుండె మాట్లాడినట్టే ఉంది!”

“నాటకం అంటే అదేనండీ,” అన్నాడు సార్జెంట్ విల్ఫ్ హాగర్టీ. “గుండె మాట్లాడాలి. తెర వెయ్యండ్రా!”

జర్మనీలోని ఆ యుద్ధఖైదీల క్యాంపులో గార్డులు పరుపులు చింపి వెతికేవాళ్ళు, పొయ్యిలో బూడిద జల్లెడ పట్టేవాళ్ళు. కానీ డచెస్ గారి రొమ్ములో దూది నొక్కి చూడటానికి మాత్రం ఎవడికీ చెయ్యి రాలేదు. అందుకే రేడియో సెట్టు అక్కడ ఉండేది. హాగర్టీ పైకి వడ్రంగి, నాటకాల పిచ్చోడు. లోపల లండన్ పంపిన గూఢచారి. పట్టుబడమని ఆర్డరిచ్చి మరీ పంపారు. జీతం తీసుకుని ఖైదులో పడ్డ సైనికుడు బ్రిటిష్ సైన్యం మొత్తంలో వాడొక్కడే అయుంటాడు.

పిల్లి ఈనిందంటే లండన్ పిలుస్తోందని గుర్తు. తెర వెనక హాగర్టీ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు.

“వడ్రంగీ, వింటున్నావా?”

“వింటున్నా.”

“శుక్రవారం మధ్యాహ్నం మీ వాళ్ళు పనిచేసే రైలు యార్డుకి ఒక పచ్చ వ్యాగన్ వస్తుంది. లోపల కొత్త రాకెట్లకి దారి చూపే యంత్రం. అలాంటిది ఇంకోటి లేదు. అది యార్డు దాటకూడదు.”

“ఎలా ఆపమంటారు?”

“అది నీ ఇష్టం.”

“ఆపలేకపోతే?”

కాసేపు గరగరమంది సెట్టు. “ఆపుతావు. నీ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది. ఉంటాం.”

హాగర్టీ ఇయర్‌ఫోన్ తీసి దూదిలో దోపేశాడు. నమ్మకం ఉందని లండన్ అన్న ప్రతిసారీ ఎవడో ఒకడు పోయాడు.

*

ఆ క్యాంపులో ఒంటరిగా తినేవాడు బతికేవాడు కాదు. ప్రతివాడికీ ఒక జోడీ ఉండేవాడు. రెడ్‌క్రాస్ పార్సిల్ వస్తే ఇద్దరిదీ ఒకటే. పాలడబ్బా, చాక్లెట్టు, సిగరెట్టు, ఆఖరికి రెండుసార్లు కాచి పారెయ్యాల్సిన టీ ఆకు కూడా సగం సగం. ఇంట్లో పెళ్ళానికి చెప్పని మాటలు జోడీకి చెప్పుకునేవాళ్ళు.

హాగర్టీ జోడీ కార్పొరల్ డెంజిల్ పాస్కో. కార్న్‌వాల్‌లో తగరం గనిలో పనిచేసినవాడు. కిందటి చలికాలం హాగర్టీకి జ్వరం వస్తే తన దుప్పటి కూడా వాడి మీద కప్పి, తెల్లార్లూ గోడకి జారబడి వణుక్కుంటూ కూర్చున్నాడు. హాగర్టీ ఎవరో తెలిసినవాళ్ళు ఖైదీల్లో ఇద్దరే: ట్రాంటర్, పాస్కో.

పాస్కో చీకటి కొట్టులో రెండు వారాలుండి అప్పుడే బయటికొచ్చాడు. కమాండెంట్ కల్నల్ ఫాన్ రేలిట్స్ గారి కుక్కకి, జర్మన్ సెల్యూట్ కనబడితే చాలు కాలెత్తడం నేర్పినందుకు ఆ శిక్ష.

“బొగ్గులున్నాయిగా విల్ఫూ,” అన్నాడు పాస్కో సంగతంతా విని. “ఇంజన్‌లో నాలుగు వేస్తే పచ్చ వ్యాగనూ ఉండదు, ఎర్ర వ్యాగనూ ఉండదు.”

అవి మామూలు బొగ్గులు కావు. లండన్ వాళ్ళు నల్లరంగు పూసి పంపిన పేలుడు ముద్దలు. గుడిసెలో పొయ్యి పక్కనున్న మూడు బకెట్లలో మధ్య దానిలో ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే క్నాప్ నలుగురు గార్డులతో వచ్చాడు. మంచాలు కదపలేదు. పరుపులు ముట్టుకోలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికెళ్ళి మధ్య బకెట్టు ఎత్తుకుని, “గుడ్ మార్నింగ్ అండీ,” అని చక్కా పోయాడు.

సాక్ష్యం కింద ఆ బకెట్టుని కమాండెంట్ గారి గదిలో పెట్టారు. గది ఊడ్చే సైనికుడికి చలేసింది. బకెట్టు కనబడింది. సాయంత్రానికి కమాండెంట్ గారి పొయ్యి పైకప్పు చీల్చుకుని బయటికొచ్చి ఖైదీల వంటశాల ముందు పడింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కల్నల్ గారి మీసం మాత్రం ఒకవైపే మిగిలింది. సంగతి బెర్లిన్‌కి తెలిస్తే తన ఉద్యోగం కూడా పొయ్యిలాగే ఎగిరిపోతుందని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఈసారి వీళ్ళని పని చేస్తుండగానే పట్టుకుని, బెర్లిన్ వాళ్ళ ముందు పతకం కొట్టెయ్యాలని లోపల్లోపల పళ్ళు నూరుకున్నాడు.

గుడిసెలో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. హాగర్టీ నవ్వలేదు.

“తిన్నగా వచ్చాడు,” అన్నాడు. “మూడు బకెట్లుంటే మధ్యదానికే వచ్చాడు.”

“ఆ సెంటు పిల్లే!” పాస్కో గుప్పిట బల్ల మీద గుద్దాడు. “నేను మొదట్నించీ మొత్తుకుంటున్నా. పొద్దున కల్నల్‌కి నవ్వుతుంది, సాయంత్రం మనకి నవ్వుతుంది. దాన్ని నమ్మావు చూడు, నిన్ననాలి.”

సెంటు పిల్ల అంటే ఇర్మ్‌గార్డ్ జాల్డెన్. కమాండెంట్ ఆఫీసులో దుబాసీ. బెర్లిన్ కోసం పనిచేస్తుందని కల్నల్‌కి తెలుసు. లండన్ కోసం పనిచేస్తుందని హాగర్టీకి తెలుసు. నిజానికి ఎవరికోసమో ఆమెకైనా తెలుసా అన్నదే ఎవరికీ తెలీదు.

*

పైకప్పు చిల్లికి చెక్కలు కొట్టడానికి హాగర్టీని ఆఫీసుకి పిలిపించారు. నిచ్చెన కింద ఇర్మ్‌గార్డ్ నిలబడింది. బూడిదరంగు బొచ్చు కాలరు, పట్టు మేజోళ్ళు, వేళ్ళ మధ్య సన్నటి సిగరెట్టు. ఊరంతా ముల్లంగి చారు తాగుతున్న రోజుల్లో ఆమె ఒంటి మీద పారిస్ వాసన.

“మేకులు జాగ్రత్త సార్జెంట్ గారూ,” అంది గట్టిగా, గుమ్మం బయట గార్డుకి వినబడేలా. తర్వాత గొంతు తగ్గించింది. “నన్ను అనుమానిస్తున్నారట?”

“ఎవరు చెప్పారు?”

“కల్నల్ చెప్పాడు. నేను మీ దగ్గర నటిస్తున్నానని ఆయన నమ్మకం. మీరు గుడిసెలో అన్న మాట గంటలో ఆయన నోట్లోంచి విన్నాను. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవర్ని అనుమానించాలో.”

హాగర్టీ చేతిలో సుత్తి ఆగిపోయింది.

“మనిషెవరో నాకు తెలీదు,” అందామె. “వెనక తలుపునుంచి తీసుకొస్తారు, ముఖం చూడనివ్వరు. కానీ మీ గుడిసెలోవాడే. ఇంకో మాట. శుక్రవారం పొద్దున రైలుకి నేను వెళ్ళిపోతున్నాను. లండన్ వెళ్ళిపొమ్మంది.”

“ఎందుకు?”

ఆమె సిగరెట్టు బూడిద రాల్చింది. “మధ్యాహ్నం బాంబర్లు వస్తున్నాయి కాబట్టి. మీరు వ్యాగన్ ఆపితే సరే. ఆపకపోతే వ్యాగన్, యార్డు, అందులో ఉన్నవాళ్ళు, అన్నీ పోతాయి.”

“అందులో ఉండేది మావాళ్ళు! క్యాంపులో సగంమంది ఆ యార్డులోనే పనిచేస్తారు!”

“మెల్లగా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీవాళ్ళకి జబ్బు చేసిందని మీరు పనికి పంపరు. అప్పుడు జర్మన్లకి అనుమానం వస్తుంది, వ్యాగన్ వేరే దారి పడుతుంది. లెక్క సరిగ్గానే ఉంది కదా? మీకు చెప్పొద్దని నాకు గట్టిగా చెప్పారు. చెప్పాను. ఎందుకో నన్నడక్కండి.” ఆమె మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. “పని అయిపోతే సిగ్నల్ స్తంభం మీద ఎర్రగుడ్డ కట్టాలి. అది కనబడితే విమానాలు వెనక్కి తిరుగుతాయి. ఆ గుడ్డ కట్టాల్సింది నేను. కానీ నాకు రైలుంది.”

హాగర్టీ నిచ్చెన మీద అలాగే ఉండిపోయాడు. పైన చిల్లిలోంచి ఆకాశం కనబడుతోంది. ఎన్నేళ్ళ చాకిరీ! ఎన్ని అబద్ధాలు, ఎన్ని దెబ్బలు! పూర్తి నమ్మకం ఉందన్న గొంతే, వాడి నెత్తిమీద వెయ్యాల్సిన బాంబులు ఎత్తించి ఉంచింది.

*

ఆ సాయంత్రం రొట్టె వచ్చింది. ఏడుగురికి ఒక రొట్టె. నల్లగా, తడి ఇటుకలా.

కోతకి ఒక పద్ధతుంది. రోజుకొకడి వంతు. కోసినవాడు ఆఖర్న తీసుకోవాలి. అందరూ ఏరుకున్నాక మిగిలిందే వాడిది. అందుకే ఎంత మొరటువాడైనా కత్తి పట్టగానే కంసాలి అయిపోతాడు. దారంతో కొలుస్తాడు, ఊపిరి బిగబడతాడు, చుట్టూ ఆరు జతల కళ్ళు కత్తిని కాచుకుని ఉంటాయి. రాలిన తునకలు కోసినవాడివే. వేలు తడిచేసుకుని ఒక్కొక్కటే అద్దుకుని తింటాడు. అది వాడి కూలి.

ఆ రోజు వంతు పాస్కోది.

పాస్కో నవ్వుతూ, కమాండెంట్ మీసం గురించి ఏదో చెబుతూ, కత్తి పట్టి టకటకా కోసేశాడు. దారం లేదు. కొలత లేదు. ఒక ముక్క బొటనవేలంత మందం, పక్కది అందులో సగం. ఆరుగురూ గబగబా లావువి లాక్కున్నారు. మిగిలిన అట్టముక్కలాంటిది పాస్కో చూడకుండానే జేబులో పడేసుకున్నాడు. తర్వాత అరచేత్తో బల్ల తుడిచాడు. తునకలన్నీ నేల మీద రాలాయి.

అందరూ నమలడం ఆపి చూశారు. ట్రాంటర్ మోకాళ్ళ మీద కూలబడి వేలు తడిచేసుకున్నాడు.

“ఏంట్రా అందరూ అలా చూస్తున్నారు?” అన్నాడు పాస్కో.

“ఏం లేదు,” అన్నాడు హాగర్టీ. “మీసం సంగతి చెప్పు. తర్వాతేమైంది?”

హాగర్టీ నోటికి రొట్టె మట్టిలా తగిలింది. చీకటి కొట్టులో రెండు వారాలు నీళ్ళచారు తాగినవాడు తునకలు నేల మీదికి తుడవడు. కడుపు నిండినవాడే తుడుస్తాడు. పాస్కో బుగ్గలు ఇప్పుడు చూశాడు. మనిషి కొట్టులోకి వెళ్ళినప్పటికంటే ఒళ్ళు చేసి వచ్చాడు. రోజూ పక్కన పడుకుంటున్నా అది వాడి కంటికి ఆనలేదు. జోడీ ముఖంలో ఎవడు వెతుకుతాడు?

ఆ పూటే పీక నొక్కెయ్యాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని ముళ్ళకంచె పక్కన అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి ట్రాంటర్‌ని పిలిచి చెప్పాడు.

“జ్వరంలో నీకు కప్పిన దుప్పటి...” అన్నాడు ట్రాంటర్.

“వాడిదే ఆ దుప్పటి,” అన్నాడు హాగర్టీ. “సరే, అది వదిలెయ్. వాడు కొట్టులో ఉన్నప్పుడు నది పక్క లైనులో మనం చేసిన పని గుర్తుందా?”

“ఎందుకు గుర్తులేదు! నా గోళ్ళు ఊడిపోయాయి. పట్టాలకి బిగించిన ఇనపమేకులన్నీ పీకి, చెక్కమేకులకి బూట్‌పాలిష్ పూసి పెట్టాం. ఏం లాభం? ఆ లైను మీద మేక కూడా నడవదు.”

“శుక్రవారం నడుస్తుంది.”

*

మర్నాడు ఒకటే సిగరెట్టు, హాగర్టీ, పాస్కో ఇద్దరూ మార్చి మార్చి పీలుస్తూ కంచె పక్కన నడిచారు. హాగర్టీ గొంతు తగ్గించి చెప్పాడు.

“డెంజిల్, నీకు తప్ప ఇంకెవరికీ చెప్పట్లేదు. మెయిన్ లైను కింద బాంబు పాతాను. పచ్చ వ్యాగన్ దాని మీదికి రాగానే అంతే.”

“ఎప్పుడు పాతావురా?” పాస్కో కళ్ళు పెద్దవయ్యాయి.

“అయిపోయింది. నా భయం ఒక్కటే. వాళ్ళు వ్యాగన్‌ని నది పక్క లైనులోకి తోశారనుకో, మన కష్టం గంగలో కలిసినట్టే. అదొక్కటే భద్రమైన చోటు. వాళ్ళకి తట్టకుండా ఉంటే బాగుండు.”

“తట్టదులే. ఆ కల్నల్‌కి అంత బుర్రెక్కడిది?” పాస్కో వాడి భుజం మీద చెయ్యేశాడు. “నువ్వు దేవుడివిరా విల్ఫూ.”

ఆ చెయ్యి బరువు హాగర్టీకి తర్వాత కూడా భుజం మీద ఉన్నట్టే ఉంది. పాస్కో తలనొప్పిగా ఉందని క్యాంపు ఆసుపత్రికెళ్ళాడు. తిరిగొచ్చాక రాత్రి తిండి మొత్తం ట్రాంటర్‌కి ఇచ్చేశాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం పచ్చ వ్యాగన్ వచ్చింది. వెంట బెర్లిన్ నుంచి ఇద్దరు నల్లకోటు వాళ్ళు. సగం మీసంతో కల్నల్ ఫాన్ రేలిట్స్ ప్లాట్‌ఫారం మీద నెమలిలా తిరుగుతున్నాడు.

“ఆపండి! మెయిన్ లైనులో బాంబుంది! నా తెలివితో కనిపెట్టాను! వ్యాగన్‌ని నది పక్కకి తీసుకెళ్ళండి!”

ఇంజన్ డ్రైవరు ఆ తుప్పు పట్టాల వంక చూసి తల అడ్డంగా ఊపాడు. “నా ఇంజన్ అందులోకి రాదు సార్. కావాలంటే వ్యాగన్ విప్పుకోండి.”

“అయితే ఖైదీలు తోస్తారు!”

హాగర్టీ ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాడు. “సార్, ఆ లైను మంచిది కాదు సార్. నేను వడ్రంగిని, చెబుతున్నాను.”

“భయపడ్డావా? నీ ఎత్తు పారలేదనా?” కల్నల్ కిలకిలా నవ్వాడు. “తొయ్యండి!”

“క్నాప్ గారూ, మీరు సాక్ష్యం. వద్దని చెప్పాను.”

“చెప్పావులేవయ్యా, ముందు తొయ్యి,” అన్నాడు క్నాప్.

ముప్ఫైమంది వ్యాగన్ వెనక భుజాలు ఆనించారు. పాస్కో జర్మన్ల పక్కన, గోడ నీడలో నిలబడి ఉన్నాడు. చక్రాలు కీచుమన్నాయి. కదల్లేదు. దూరంగా, మబ్బుల వెనకనుంచి, తేనెటీగల తుట్టె కదిలినట్టు రొద మొదలైంది.

“గట్టిగా!” అని అరిచాడు కల్నల్. “తినడానికి మాత్రం ఉంటారు!”

“విన్నారుగా! కల్నల్ గారి మాట దక్కించండ్రా!” అన్నాడు హాగర్టీ, పళ్ళు బిగించి. “ఐలెస్సా!”

రొద పెరిగింది. సైరన్ మోగింది. గార్డులు పైకి చూస్తున్నారు. వ్యాగన్ ఒక్క కుదుపుతో కదిలి, జారి, వేగం అందుకుంది. నది ఒడ్డున లైను వంపు తిరిగే చోట చెక్కమేకులు పేలాల్లా టపటపా లేచాయి. పట్టా పక్కకి ఒరిగింది. పచ్చ వ్యాగన్ అటూ ఇటూ ఊగి, ఇక చాలన్నట్టు నదిలోకి తలకిందులుగా దూకింది.

“ట్రాంటర్!”

ట్రాంటర్ అప్పటికే సిగ్నల్ స్తంభం సగం ఎక్కాడు. కోటు విప్పితే లోపల డచెస్ గారి ఎర్ర లంగా నడుముకి చుట్టి ఉంది. ముడి బిగుసుకుపోయింది. వేళ్ళు చలికి కొంకర్లు పోయాయి. మొదటి విమానం మబ్బులోంచి ముక్కు బయటపెట్టింది. దాని పొట్ట కింద తలుపులు తెరుచుకోవడం కింద అందరికీ కనబడింది. యార్డులో ఖైదీలు నేల మీద బోర్లా పడ్డారు. ట్రాంటర్ పళ్ళతో ముడి కొరికేసి లంగా లాగాడు. ఎర్రటి గుడ్డ గాలికి ఫటఫటమంటూ విచ్చుకుంది.

విమానం వాళ్ళ తలల మీదుగా పోయింది. ఏమీ పడలేదు. తలుపులు మూసుకున్నాయి. వెనకవి ఒక్కొక్కటే ఒంగి, మబ్బుల్లోకి తిరిగిపోయాయి.

“మన తుపాకులు చూసి పారిపోయారు!” అని క్నాప్ టోపీ ఎగరేశాడు.

*

నల్లకోటు వాళ్ళు నవ్వలేదు. నదిలో బుడగలు చూసి వచ్చి, “ఆ లైనులోకి పంపమన్నదెవరు?” అని అడిగారు.

కల్నల్ వేలు పాస్కో వైపు తిరిగింది. “వాడు. వాడే నన్ను నమ్మించాడు.”

పాస్కో ముఖం సున్నంలా పాలిపోయింది. “నేను మీ మనిషిని! కల్నల్ గారూ, చెప్పండి! రోజూ మీ దగ్గరికి...”

“ఇతను మీ ఏజెంటా?” అన్నాడు నల్లకోటు పెద్దవాడు.

అవునంటే, ఖైదీ మాట విని బెర్లిన్ సొమ్ము నదిలో కలిపినవాడవుతాడు. కల్నల్‌కి అది లెక్కేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. “ఏజెంటేమిటి? వాడు నన్ను మోసం చేసిన శత్రువు. తీసుకుపొండి.”

ఇద్దరు గార్డులు రెక్కలు విరిచి పట్టుకున్నారు. కారు దగ్గరికి లాక్కెళ్తూ హాగర్టీ ముందు నుంచి తీసుకుపోయారు. పాస్కో కాళ్ళు నేలకి తన్నిపట్టాడు.

“విల్ఫూ! నిజం చెప్పరా! నేను వాళ్ళకి చెప్పేశానని చెప్పు! చంపేస్తార్రా!”

హాగర్టీ దగ్గరికొచ్చాడు. “ఏం పెట్టార్రా నీకు?”

పాస్కో గుటకలు మింగాడు. “బంగాళాదుంపలు. పందికొవ్వులో వేయించినవి. వేడివేడివి. చీకట్లో ఆ వాసన... నువ్వైనా ఏం చేసేవాడివిరా?”

“నేనూ తినేవాణ్ణేమో,” అన్నాడు హాగర్టీ. “కానీ సగం నీకు పట్టుకొచ్చేవాణ్ణి.”

పాస్కో కాళ్ళు తన్నడం మానేశాడు.

“సార్జెంట్,” నల్లకోటు వాడు అడిగాడు, “ఈ మనిషి ఎవరు?”

ఒక్క మాట చాలు. మా సంగతులు మీకు చేరవేసిన పిరికివాడు అంటే చాలు, పాస్కో బతుకుతాడు. బతికి, రేపు ఇంకో గుడిసెలో ఇంకొకడి దుప్పటి పక్కన పడుకుంటాడు. హాగర్టీ వెనక్కి చూశాడు. ముప్ఫైమంది, మట్టి కొట్టుకున్న ముఖాలతో, ఊపిరితో నిలబడి ఉన్నారు.

మడమలు టక్కున కలిపి, చెయ్యి నుదుటికి ఎత్తాడు.

“మాలో అందరికంటే ధైర్యవంతుడండీ. మీకు దొరికిపోయాడు.”

సంగతి తెలియని ఖైదీలు పాస్కో పేరు పెట్టి జేజేలు కొట్టారు. కారు తలుపు మూసుకునేదాకా కొడుతూనే ఉన్నారు.

*

సాయంత్రం తెర వెనక, డచెస్ గారి రొమ్ము మళ్ళీ గరగరలాడింది.

“శభాష్ వడ్రంగీ. అద్భుతం.”

“విమానాల సంగతేంటి?” అన్నాడు హాగర్టీ.

“ఏ విమానాలు?”

ట్రాంటర్ హాగర్టీ వంక చూసి దూది సర్దుకున్నాడు.

“పతకానికి ఒక పేరు కావాలి,” అంది లండన్. “జర్మన్లు ఎవర్నో పట్టుకెళ్ళారని తెలిసింది. ఎవరతను?”

“కార్పొరల్ డెంజిల్ పాస్కో. పతకం వాళ్ళమ్మకి పంపండి. కార్న్‌వాల్‌లో ఉంటుంది.”

“కింద ఒక వాక్యం రాయాలి. అతను చేసిన ఘనకార్యం ఏమని రాయమంటావు?”

హాగర్టీ సెట్టు మీట మీద చెయ్యి పెట్టాడు.

“జర్మన్లు కళ్ళు మూసుకుని నమ్మిన ఒకే ఒక్క బ్రిటిష్ సైనికుడు అని రాయండి,” అన్నాడు, సెట్టు కట్టేస్తూ.